ఇంటి పన్ను బరువా? నోటీసు ఓసారి చదవండి!

కరెంటు బిల్లు వంద రూపాయలు ఎక్కువొస్తే మీటరు దగ్గరికి పరుగెత్తుతాం. ఇంటి పన్ను నోటీసు వస్తే మాత్రం చివరనున్న అంకె చూసి, ఓ నిట్టూర్పు విడిచి, అల్మరాలో పెట్టేస్తాం. ఆర్థిక సంవత్సరం ముగుస్తోందని మార్చిలో మున్సిపాలిటీ వాళ్లు గుమ్మంలోకి వచ్చాకే ఆ కాగితం మళ్లీ బయటికొస్తుంది. అప్పటికి దానికి వడ్డీ కూడా తోడై ఉంటుంది. ఇంతకీ ఆ అంకెకు పైనున్న వివరాలను చదివేవాళ్లు ఎందరు? పన్ను న్యాయంగా తగ్గే దారి ఉన్నది అక్కడే!

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పుడిది ఇంటింటి ముచ్చట. 2018 ఆగస్టులో రాష్ట్రంలోని చాలా పంచాయతీలు ఒక్కసారిగా మున్సిపాలిటీలయ్యాయి. చిట్యాల, హాలియా, భూత్పూర్, మక్తల్, కోస్గి వాటిలోవే. మహబూబ్‌నగర్ పట్టణమైతే 2025 జనవరిలో నగరపాలక సంస్థగా మారింది. పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చిందంటే ఇంటి వివరాలు ఒక రికార్డులోంచి మరో రికార్డులోకి ఎక్కినట్టే. అలా ఎక్కేటప్పుడు కొలతో, యజమాని పేరో, వాడకమో తప్పుగా పడితే... ఎవరో ఒకరు అడిగేదాకా ఆ తప్పుకే ఏటా పన్ను కట్టాల్సి వస్తుంది.

లెక్క ఇలా...

తెలంగాణ పట్టణాల్లో ఇంటి పన్నుకు చాలాకాలంగా పునాది వార్షిక అద్దె విలువ. అంటే ఆ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చన్న అంచనా. 1990 నాటి నిబంధనల ప్రకారం ఈ అంచనాకు ఆధారాలు అయిదు: ఇల్లు ఏ జోన్‌లో ఉంది, స్లాబు ఇల్లా, రేకులదా, పెంకుటిల్లా, కట్టిన విస్తీర్ణం ఎంత, ఇంటి వయసెంత, నివాసానికా వ్యాపారానికా?

లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు ఓ ఉదాహరణ. కట్టిన విస్తీర్ణం 100 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నెలకు అద్దె విలువ 10 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 12,000 రూపాయలు. పన్ను అందులో 20 శాతం అనుకుంటే 2,400. అదే ఇల్లు రికార్డులో పొరపాటున 120 చదరపు మీటర్లని పడితే పన్ను 2,880 అవుతుంది. పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది. అదీ కలిపితే ఏటా 518 రూపాయలు అదనం. పదేళ్లు ఎవరూ చూసుకోకపోతే అయిదు వేలు దాటిపోతుంది!

మన దగ్గర ఇంకో తిరకాసుంది. స్థలం కొనేది గజాల్లో, ఇల్లు కట్టించేది చదరపు అడుగుల్లో, పన్ను వేసేది చదరపు మీటర్లలో. ఒక గజానికి 9 చదరపు అడుగులు. ఒక చదరపు మీటరుకు దాదాపు 10.76 చదరపు అడుగులు. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, టేపు పట్టుకుని ఎవరింటి కొలత వాళ్లే సరిచూసుకోవచ్చు. ఖాళీ స్థలాన్ని కూడా ఇంటి విస్తీర్ణంలో కలిపేశారేమో తప్పకుండా చూడాలి.

మడిగె మూసినా...

రోడ్డు పక్క ఇళ్లకు ముందు భాగంలో ఓ మడిగె ఉండటం మామూలే. ఒకప్పుడు కిరాణా కొట్టో, టైలరు దుకాణమో నడిచింది. తర్వాత షట్టరు తీసేసి పిల్లల చదువుకు గది చేసుకున్నారు. ఇంట్లో వాళ్లు దుకాణం సంగతి మరిచిపోయినా రికార్డు మరిచిపోదు. వ్యాపార స్థలానికి లెక్కగట్టే విలువ నివాసం కంటే ఎక్కువ. వాడకం మారిందని రాతపూర్వకంగా తెలపకపోతే ఆ గదికి దుకాణం పన్నే పడుతూ ఉంటుంది.

సొంతదారు ఉంటున్నారా, అద్దెకిచ్చారా అన్నదీ అలాంటిదే. 1965 నాటి పాత చట్టంలో యజమానే ఉండే ఇంటికి వార్షిక అద్దె విలువలో 40 శాతం తగ్గింపు ఉండేది. ఇంటి వయసుకు ఇచ్చే తగ్గింపు కూడా అందులోనే కలిసి ఉండేది. ఆ చట్టం స్థానంలో 2019లో తెలంగాణ పురపాలక చట్టం వచ్చింది. కొన్నేళ్లు అద్దెకిచ్చి మళ్లీ సొంత ఇంటికి చేరినవాళ్లు రికార్డులో ఏముందో కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

చిన్న ఇళ్లవాళ్లకు కొత్త చట్టంతో పెద్ద ఊరట దొరికింది. 75 గజాల్లోపు స్థలంలో కింద ఇల్లు, పైన ఒక అంతస్తు వరకు ఉంటే ఏడాదికి పన్ను 100 రూపాయలే. కూలినాలి చేసి ఇంత గూడు కట్టుకున్న కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు. అలాంటి ఇంటికి ఎక్కువ పన్ను వస్తుంటే స్థలం పత్రంతో వెళ్లి అడగాల్సిందే.

పాలమూరు నుంచి ముంబయికో, పుణెకో పనులకు వెళ్లే కుటుంబాలదీ ఓ ప్రత్యేక సమస్య. ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉన్నా పన్ను మాత్రం ఆగదు. ఖాళీ కాలానికి తగ్గింపు కోరుతూ దరఖాస్తు చేసుకునే వీలుంది. తిరిగొచ్చాక చెబితే రుజువు చేయడం కష్టం. ఊరు వదిలే ముందే అర్జీ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవడం మేలు.

అడిగే పద్ధతి

పన్ను ఎక్కువనిపిస్తే బిల్ కలెక్టరుతో వాదించి లాభం లేదు. పునఃపరిశీలన కోరుతూ మున్సిపల్ కమిషనరు పేరిట అర్జీ ఇవ్వాలి. పన్ను కొత్తగా వేసినా, పెంచినా నోటీసులో గడువు ఉంటుంది, అది దాటకూడదు. ‘పన్ను ఎక్కువైంది, తగ్గించండి’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘రికార్డులో విస్తీర్ణం ఇంత ఉంది, అసలు ఇంత’ అని రాయాలి. ఇంటి ప్లాను, అనుమతి పత్రం, పాత రసీదులు, ఫొటోలు జతచేయాలి. రికార్డులో ఇంకా చనిపోయిన తండ్రి పేరే ఉంటే ముందుగా పేరు మార్పిడి చేయించుకోవాలి. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే ఎవరి భాగానికి వారికి విడిగా పన్ను వేయమని అడగవచ్చు. పంచాయతీల్లోనైతే కార్యదర్శి దగ్గరున్న ఇంటి పన్ను రిజిస్టరు చూసుకోవాలి.

అర్జీ తేలేదాకా పన్ను కట్టనంటే మాత్రం నష్టం మనకే. పట్టణాల్లో బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి 24 శాతం! పన్ను కట్టేసి, అర్జీ నెగ్గితే ఎక్కువైన సొమ్మును సర్దుబాటు చేయమని కోరడం తెలివైన పని. ‘ఎప్పుడో ఒకప్పుడు వడ్డీ మాఫీ చేస్తారులే’ అని ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. 2022లో బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేసిన మాట నిజమే. అలాంటి అవకాశం ఏటా రాదు. దానికి బదులు ఏప్రిల్‌నే నమ్ముకోవచ్చు. ఆ ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ ఇస్తున్నారు. పాత బకాయిలకు అది వర్తించదు.

దాచిపెడితే...

తగ్గించుకోవాలన్న ఆత్రంలో లేని తగ్గింపు కోరితే మొదటికే మోసం. 2019 చట్టం ఇంటి వివరాలు చెప్పే బాధ్యతను యజమానికే అప్పగించింది. స్వీయ ప్రకటనలో తప్పు చెబితే 25 రెట్లు జరిమానా అనీ హెచ్చరించింది. పై అంతస్తు వేసి చెప్పకుండా ఉంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకునే రోజులు పోయాయి. ఇళ్లను గుర్తించేందుకు పురపాలికలు ఇస్రో వారి భువన్ సాయమూ తీసుకున్నాయి. ఇక పన్ను రసీదు ఉంటే ఇల్లు మనదైపోయినట్టే అన్న నమ్మకమూ సరికాదు. అది పన్ను కట్టినట్టు రుజువు మాత్రమే, హక్కు పత్రం కాదు.

వీధి దీపం వెలగాలన్నా, మోరీ శుభ్రపడాలన్నా, ఊళ్లో గ్రంథాలయానికి నాలుగు పత్రికలు రావాలన్నా ఆధారం ఈ పైసలే. అందుకే కట్టాల్సింది కట్టాలి, అందులో తప్పుంటే అడగాలి. ఈ ఆదివారం అల్మరాలోంచి ఆ నోటీసు తీసి, పిల్లల చేతికో టేపు ఇచ్చి గదులన్నీ కొలిపించి చూడండి. వాళ్లకు చదరపు మీటర్ల లెక్కా వస్తుంది, ఇంటికి ఎంత పన్ను ఎందుకు కడుతున్నామో కూడా తెలుస్తుంది!