పత్రిక అమ్మేశారు.. ఛానెల్ పేరు పోయింది! 23 ఏళ్లలో ఐదో పేరుతో డిస్కవరీ కార్ల ఛానెల్

అమెరికాలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు బాగా తెలిసిన 'మోటార్ ట్రెండ్' ఛానెల్ ఇప్పుడు ఆ పేరుతో లేదు. 2025లో అది 'డిస్కవరీ టర్బో' అయిపోయింది. లోగో మారింది, ప్రోమోలు మారాయి. తుప్పు పట్టిన పాత కార్లను గ్యారేజీలోకి తెచ్చి కొత్తవాటిలా తయారు చేసే షోలు మాత్రం అలాగే నడుస్తున్నాయి.

మరి పేరెందుకు మార్చినట్టు? కొత్త ఐడియా ఏదో వచ్చి మార్చింది కాదిది. ఆ పేరు ఛానెల్‌ది కాకుండా పోయింది, అంతే.

'మోటార్ ట్రెండ్' అసలు ఒక పత్రిక. 1949 నుంచి వస్తోంది. కొత్త కారు కొనే ముందు అందులో ఏం రాశారో చూసుకోవడం అమెరికాలో చాలామందికి అలవాటు. ఆ పేరుకున్న నమ్మకాన్ని టీవీకి వాడుకోవాలని డిస్కవరీ అనుకుంది. 2017లో ఆ పత్రికను నడిపే కంపెనీతో కలిసి జాయింట్ వెంచర్ పెట్టింది. 2018 నవంబర్‌లో తన 'వెలాసిటీ' ఛానెల్‌కు పత్రిక పేరే పెట్టేసింది. 2024 డిసెంబర్‌లో ఆ గ్రూప్‌ను హర్స్ట్ సంస్థ కొనేసింది. పత్రిక, వెబ్‌సైట్, పేరు అటు వెళ్లాయి. ఛానెల్ మాత్రం వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ దగ్గరే ఉండిపోయింది. ఇక పాత బోర్డు దించక తప్పలేదు.

హెచ్‌డీ నుంచి టర్బో దాకా

ఈ ఛానెల్ పుట్టింది కార్ల కోసం కాదు. 2002లో 'డిస్కవరీ హెచ్‌డీ థియేటర్'గా మొదలైంది. అప్పట్లో హెచ్‌డీ బొమ్మ అంటేనే వింత. షోరూంలో కొత్త టీవీ ఆన్ చేసి 'చూడండి ఎంత క్లియర్‌గా ఉందో' అని చూపించడానికి పనికొచ్చే అడవులు, సముద్రాలు, విమానాలు ఇందులో వచ్చేవి. 2007లో పేరు ముందున్న 'డిస్కవరీ' తీసేశారు. కొన్నేళ్లకు అన్ని ఛానెళ్లూ హెచ్‌డీ అయ్యాయి. ఆ పేరుకు అర్థం లేకుండా పోయింది.

2011 అక్టోబర్‌లో 'వెలాసిటీ' వచ్చింది. డబ్బున్న మగ ప్రేక్షకులు టార్గెట్. మొదట్లో కార్లతో పాటు వేరే షోలు కూడా ఉండేవి. నెమ్మదిగా కార్లే మిగిలాయి. కారణం సింపుల్. న్యూస్ ఛానెల్‌లో మధ్యాహ్నం బ్రేకింగ్ సాయంత్రానికి పాతబడిపోతుంది. 1967 మస్టాంగ్‌కు ఇంజిన్ ఎక్కించే ఎపిసోడ్ పదేళ్ల తర్వాత వేసినా చూస్తారు. ఒకసారి తీసింది ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. పైగా టైర్లు, ఇంజిన్ ఆయిల్, టూల్స్, ఇన్సూరెన్స్ కంపెనీలకు తమ కస్టమర్లు ఎక్కడున్నారో వెతుక్కునే పని ఉండదు.

స్పానర్ పట్టుకున్న మనిషి ఎందుకు వెళ్లిపోయాడు?

కార్ల షోలను జనం ఏం చూడటానికి పెడతారన్నది అసలు ప్రశ్న. దానికి 'వీలర్ డీలర్స్' గొడవే ఉదాహరణ. 2003లో బ్రిటన్‌లో మొదలైన ఈ షోలో మైక్ బ్రూయర్ బేరమాడి పాత కారు కొంటాడు. నారింజ రంగు గ్లోవ్స్ వేసుకున్న పొడుగాటి మెకానిక్ ఎడ్ చైనా దాన్ని విప్పి బాగు చేస్తాడు. ఏ బోల్టు ఎటు తిప్పాలో, ఏ పార్టుకు ఎంత ఖర్చో కూడా చెప్పేవాడు. అది చూసి ఇంట్లో సొంతంగా రిపేర్లు మొదలుపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

2017 మార్చిలో ఎడ్ చైనా షో నుంచి తప్పుకున్నాడు. షో నిర్మాణం వెలాసిటీ చేతికి వెళ్లాక, వర్క్‌షాప్ భాగం తీయడం చాలా కష్టమని, దాన్ని తగ్గించాలని చూశారని యూట్యూబ్ వీడియోలో చెప్పాడు. ఫ్యాన్స్ భగ్గుమన్నారు. ఆయన స్థానంలో వేరేవాళ్లు వచ్చారు, షో ఆగలేదు. కానీ ఆ గొడవతో ఒకటి తేలిపోయింది. ఛానెల్‌కు ఖర్చు తగ్గించుకోవాల్సిన చోటు, ప్రేక్షకుడు టీవీ ముందు కూర్చోవడానికి కారణం.. రెండూ ఒకటే. బేరం సీన్ తీయడం తేలిక. ఇంజిన్ విప్పి మళ్లీ బిగించేది చూపించాలంటే రోజులు పడుతుంది, డబ్బూ అవుతుంది.

యాప్ కట్టి, మూసేసి

2018లో పేరు మార్చినప్పుడు టీవీ కంటే యాప్ మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. నెలకు 5 డాలర్ల లోపు చందా. 'రోడ్‌కిల్' సంగతే చూడండి. ఇద్దరు మిత్రులు డొక్కు కారు కొని, దారిలో బాగు చేసుకుంటూ వెళ్లే ఆ షో 2012లో యూట్యూబ్‌లో ఉచితంగా మొదలై పెద్ద హిట్ అయింది. తర్వాత కొత్త ఎపిసోడ్లు చూడాలంటే యాప్‌కు డబ్బు కట్టాల్సి వచ్చింది. 2019 చివర్లో గ్రూప్‌లోని 22 పత్రికల్లో 19 ప్రింట్ ఆపేశారు. అంటే పత్రికల పేరుతో ఛానెల్ నడుపుతూ, ఆ పత్రికల్లో చాలావాటినే మూసేశారన్నమాట.

ఆ తర్వాత 'మోటార్ ట్రెండ్ ప్లస్'గా మారిన యాప్‌ను కూడా 2024 మార్చిలో మూసేశారు. షోలను కంపెనీ పెద్ద యాప్‌లలో కలిపారు. కార్ల కోసమే చందా కట్టినవాళ్లు ఇప్పుడు సినిమాలు, సీరియల్స్ ఉన్న యాప్‌లో వాటిని వెతుక్కోవాలి. పేరు మార్పు వల్ల నిజంగా ఎవరైనా నష్టపోయారంటే వీళ్లే.

స్పీడ్ ఛానెల్‌కు అలా, దీనికి ఇలా

ఇంతకు ముందు అమెరికాలో 'స్పీడ్' అనే ఛానెల్ ఉండేది. 1995 చివర్లో 'స్పీడ్‌విజన్'గా వచ్చింది. రేసులు, కార్ల వేలంపాటలు, గ్యారేజీ షోలతో బాగానే నడిచింది. 2013 ఆగస్టులో ఫాక్స్ దాన్ని తీసేసి, ఆ స్థానంలో 'ఫాక్స్ స్పోర్ట్స్ 1' పెట్టింది. అప్పట్లో కేబుల్‌లో ఒక ఛానెల్ స్థానం అంటే బంగారం. చూసినా చూడకపోయినా ప్రతి ఇంటి నుంచి నెలనెలా ఎంతో కొంత వస్తుంది. ఆ స్థానం కోసం కార్లను పక్కకు నెట్టేశారు.

2025లో కార్లను ఎవరూ నెట్టలేదు. దానికి సంతోషించాలో లేదో చెప్పడం కష్టం. జనం కేబుల్ కనెక్షన్లు తీసేస్తున్న రోజుల్లో, ఆ స్థానంలో ఇంకేదైనా పెద్ద ఛానెల్ పెడదామన్న ఆసక్తే ఎవరికీ లేదు. అందుకే కొత్త పేరు కోసం ఖర్చు కూడా పెట్టలేదు. వేరే దేశాల్లో ఎప్పటినుంచో వాడుతున్న 'టర్బో'నే అక్కడా తగిలించారు.

ఆ పేరు మనకు పాతదే. ఇండియాలో డిస్కవరీ టర్బో దశాబ్దానికి పైగా ఉంది. 2019లో ట్రాయ్ కొత్త రూల్స్ వచ్చాక, కావాల్సిన ఛానెల్‌కే డబ్బు కట్టే వీలు మన దగ్గరుంది. సీరియల్స్, సినిమాలు, క్రికెట్ ప్యాక్‌లు పోగా కార్ల ఛానెల్‌కు విడిగా కట్టే ఇళ్లు ఎన్ని ఉంటాయి? మన దగ్గర కారు కొనేవాళ్లకు ముందు కావాల్సింది మైలేజ్ ఎంత, గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత, దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందా అన్న వివరాలు. వాటిని తెలుగులో చెప్పే యూట్యూబర్లు ఇప్పటికే బోలెడంతమంది. అమెరికా గ్యారేజీ షో ఆ పని చేయదు.

ఇక అమెరికాలో కథ ఇంకా అయిపోలేదు. తన కేబుల్ ఛానెళ్లను విడదీసి వేరే కంపెనీగా పెడతామని వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ 2025 జూన్‌లో ప్రకటించింది. డిస్కవరీ పేరు పెట్టుకున్న టర్బో కూడా ఆ కేబుల్ గుంపులోదే.