డ్రమ్ములో ఏముందో మోసేవాడికి తెలియాలి



ప్రమాదకర రసాయనాల రవాణా నియమాలను అంతర్జాతీయ ప్రమాణాలకు సరిపోయేలా మార్చాలన్న మాట వచ్చినప్పుడల్లా, అది లారీ ఓనర్లకూ ఎగుమతి వ్యాపారులకూ సంబంధించిన వ్యవహారమని మనలో చాలామంది ఊరుకుంటారు. కాని ఆ లారీ, ఆ టెంపో చివరకు ఆగేది మన డైహౌస్ గేటు ముందే. డ్రమ్ము దించేది మన హమాలీ. మూత తీసేది, ఆ ఘాటు పీల్చేది మనమే.

ఐక్యరాజ్యసమితి ఈ రవాణాకు సంబంధించిన సిఫారసులను మొదటిసారి 1956లో ప్రచురించింది. ఇప్పుడు వాటిని రెండేళ్ళకొకసారి సవరిస్తున్నారు. వాటి ప్రకారం ప్రమాదకర సరుకులు 9 తరగతులు. ఒక్కొక్క సరుకుకు నాలుగంకెల నంబరు. మనం రంగులద్దకంలో వాడే హైడ్రోస్ నంబరు 1384. కాస్టిక్ ద్రావణం 1824. బ్లీచింగ్ ద్రావణం 1791. హైడ్రోక్లోరిక్ యాసిడ్ 1789. భాష ఏదైనా నంబరు ఒకటే.

ఈ నంబరుతో మనకేం పని అని అడగవచ్చు. హైడ్రోస్‌కు తేమ తగిలితే వేడెక్కి రాజుకుంటుంది, ఊపిరాడనివ్వని గంధకపు వాయువు వదులుతుంది. తెలియనివాడు చెంబుడు నీళ్ళు చల్లితే మంట తగ్గదు, పెరుగుతుంది. బ్లీచింగ్ ద్రావణం, యాసిడ్ ఒకే టెంపోలో వచ్చి రెండూ కారి కలిస్తే పుట్టేది క్లోరిన్. డ్రమ్ము మీద గుర్తు ఉంటే ఏది దేని పక్కన పెట్టకూడదో హమాలీకి తెలుస్తుంది. ఎలా ఆర్పాలో ఫైరింజను వాళ్ళకు తెలుస్తుంది.

మన దేశంలో నియమాలు లేవనలేము. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 129 నుంచి 137 వరకు ఉన్నవి ఇవే. వాహనం మీద తరగతి గుర్తు, నంబరు, అత్యవసర సమాచారపు పలక ఉండాలి. సరుకు వివరాలు పంపేవాడే ఇవ్వాలి. డ్రైవరుకు శిక్షణ ఉండాలి. పెద్ద ట్యాంకరు మీద ఈ పలక కనిపిస్తుంది. పెద్ద డ్రమ్ములోంచి చిన్న డబ్బాల్లోకి ఒంపి టెంపోలో పంపే సరుకుకు మాత్రం గుర్తూ ఉండదు, కాగితమూ ఉండదు. అదే డ్రమ్ము విదేశానికి ఓడ ఎక్కాలంటే అన్ని లేబుళ్ళూ అంటిస్తారు. రేవుకు పోయే యాసిడ్ ఒకటి, సోలాపూర్, భివండి, ఇచల్‌కరంజి డైహౌసులకు వచ్చే యాసిడ్ ఇంకొకటి కాదు కదా!

2022 జనవరి 6న సూరత్‌లోని సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకరు నుంచి రసాయనాన్ని నాలాలోకి వదిలారు. విషవాయువు పుట్టి, పక్కనున్న డైయింగ్ మిల్లు కార్మికులు ఆరుగురు చనిపోయారు. రవాణాలో తప్పు జరిగితే పోయేది లారీ మీది మనిషి ప్రాణం ఒక్కటే కాదు.

ఖర్చు పెరుగుతుందని యజమానులు అంటారు. లేబులు ఖరీదెంత, మనిషి ఖరీదెంత? కనుక మేము కోరేది ఇది: ప్రతి డ్రమ్ముకు, ఒంపిన ప్రతి డబ్బాకు నంబరు, తరగతి గుర్తు ఉండాలి. జాగ్రత్తల కాగితం మరాఠీ, తెలుగు, కన్నడం, హిందీలలో గోడకు అంటించాలి. డ్రైవరుతోపాటు హమాలీకీ జీతం కోయకుండా శిక్షణ ఇవ్వాలి. ఢిల్లీలో సవరించే ఏ నియమమైనా మన గేటు దాకా అమలు కావాలి.

అంతవరకు ప్రతి ఖాతాలోని మన ప్రతినిధులు గుర్తులేని డబ్బాలను రాసిపెట్టి యూనియన్ ఆఫీసుకు అందజేయాలి. ఏముందో చెప్పని డ్రమ్మును ముట్టుకునేముందు అడుగుదాం. అందరం కలిసి అడుగుదాం.