నిద్ర కాదు, నిత్యయుద్ధం

జీవశాస్త్ర విద్యార్థికి గణితం అనవసరమనే అభిప్రాయంతో మేము ఏకీభవించలేము.

హెచ్.ఐ.వి. సోకినవారి రక్తంలో వైరస్ పరిమాణం, తొలి వారాల ఉధృతి తగ్గిన పిదప, ఏళ్ల తరబడి ఇంచుమించు మారదు. వైరస్ నిద్రిస్తున్నదని పలువురు తలచారు. కాని వచ్చే నీరు, పోయే నీరు సమానమైనప్పుడు కూడా తొట్టిలో మట్టం మారదు కదా! 1995లో అమెరికాలో డాక్టర్ డేవిడ్ హో బృందం, గణిత నమూనాలు రచించే ఎలన్ పెరెల్సన్‌తో కలిసి, మందుతో ఆ ధారను అడ్డగించి, మట్టం పడిపోయే వేగాన్ని కొలిచింది. 1996 నాటి లెక్క ప్రకారం దినానికి సుమారు 1,000 కోట్ల వైరస్ కణాలు పుడుతున్నాయి, దాదాపు అన్నీ నశిస్తున్నాయి. వైరస్‌ను ఉత్పత్తి చేసే రక్షక కణం ఆయువు సగటున రెండు దినాలే. ఇంత వేగంగా పుట్టేదానిలో ఒక్క మందుకు లొంగని రకం తలెత్తక తప్పదు. పలు మందులు ఒకేసారి ఇవ్వాలన్న వాదానికి ఇది బలమిచ్చింది.

అదే గణితం 1997లో రెండు మూడేళ్ల చికిత్సతో వైరస్ నిర్మూలం కావచ్చునని అంచనా వేసి తప్పింది. కొన్ని కణాలలో అది నిజంగానే నిద్రిస్తున్నది!

ఉర్దూ, తెలుగు మాధ్యమాలు రెండింటిలోను బై.పి.సి. వారికి వారానికొక గణిత పీరియడు కేటాయించవలసిందిగా కమిటీవారిని సవినయంగా కోరుతున్నాము. లెక్కలకు జంకి ఆ గ్రూపులో చేరిన మిత్రులు మమ్మల్ని మన్నింతురు గాక.