రిజర్వు లేని బండి

మాది ఇబ్రహీంపట్నం. పోయిన నెల ఒక ఆదివారం అక్క, బావ, వాళ్ళ మూడేళ్ళ పాపతో కలిసి నాగార్జునసాగర్ వెళ్ళొస్తున్నాం. బండి బావది. కొత్త హైబ్రిడ్ కారు. తిరుగు ప్రయాణంలో మల్లేపల్లి రాకముందే డాష్‌బోర్డు మీద పెట్రోల్ లైటు వెలిగింది.

"బావా, బంకొచ్చింది, పోయించుకుందామా?" అన్నాను.

"ఇంకా తొంభై చూపిస్తుంది ర. ఇంటికి పోయినంక చూద్దాం."

మాల్‌లో అడిగితే ఇంకా ముప్పై ఉందన్నాడు. యాచారం దగ్గర సున్నా చూపించింది. "సున్నా అంటే సున్నా గాదు, కంపెనీ వాళ్ళు కొంత దాచిపెడ్తరు. అదీ అయిపోతే బ్యాటరీ ఉండనే ఉంది" అన్నాడు. బావ కూడా నాలాగే సాఫ్ట్‌వేరు. సర్వర్లో డిస్కు 90 శాతం నిండిందని అలర్టు వస్తే "సోమవారం చూద్దాంలే" అనుకునే జాతి మాది.

ఊరు ఇంకో మూడు కిలోమీటర్లుందనగా ఇంజను రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. బ్యాటరీ మీద కాస్త దూరం నడిచింది. "చూసినవా!" అని బావ నావైపు చూసేలోగా అదీ ఆగింది. రాత్రి ఎనిమిది. వెనకనుంచి లారీలు దూసుకొస్తున్నాయి. ఉక్కపోతకి పాప ఏడుపు. ఏసీ కోసమని, స్టార్టవుతుందేమోనని బావ మళ్ళీ మళ్ళీ బటన్ నొక్కి, మిగిలిన కాస్త చార్జీ కూడా ఊడ్చేశాడు.

పాత స్ప్లెండర్ మీద పోతున్న ఒకాయన ఆగి నన్ను బంకుకి తీసుకెళ్ళాడు. సీసాలో పోయం అన్నారు. వాళ్ళని తప్పు పట్టలేను. 2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దార్ విజయారెడ్డి గారిని ఆఫీసులోనే పెట్రోల్ పోసి తగలబెట్టారు. అది మా జిల్లాయే. సీసా పట్టుకొచ్చినవాణ్ణి అనుమానంగా చూడటంలో వింతేముంది? చివరికి ఆయన తన బండి ట్యాంకు నింపించుకుని, కారు దగ్గరికొచ్చాక పైపు పీకి రెండు లీటర్లు సీసాలోకి తీసిచ్చాడు. డబ్బులు కూడా బంకులో కట్టినంతే తీసుకున్నాడు.

పెట్రోల్ పోశాం. కారు స్టార్టవలేదు!

ఎందుకో తరవాత తెలిసింది. చాలా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో మామూలు కార్లకున్నట్టు విడిగా స్టార్టర్ మోటార్ ఉండదు. ఇంజన్ని తిప్పేది కూడా ఆ పెద్ద బ్యాటరీతో నడిచే మోటారే. అది ఖాళీ అయితే ట్యాంకు నిండుగా ఉన్నా లాభం లేదు. పక్క కారునుంచి వైర్లు తగిలించి లేపుదామన్నా కుదరదు, ఆ వైర్లు చిన్న 12 వోల్టుల బ్యాటరీకే పనికొస్తాయి. టోయింగ్ బండి, సర్వీస్ సెంటర్, ప్రత్యేక చార్జరు... అదంతా ఇంకో కథ.

ఇంతకీ ఆ "పెద్ద" బ్యాటరీ ఎంత పెద్దది? 2022లో మన దగ్గరికొచ్చిన టొయోటా హైరైడర్ హైబ్రిడ్‌నే తీసుకోండి. దాని బ్యాటరీ సుమారు 0.76 యూనిట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ముప్పావుగంట వాడితే అయిపోయేంత కరెంటు. అందులోనూ మొత్తం వాడుకోనివ్వరు. బ్రేకు వేసినప్పుడు వచ్చేది దాచుకుని, కదిలేటప్పుడు ఇచ్చేయడానికి పెట్టిన బ్యాటరీ అది. చేతిఖర్చు డబ్బుల్లాంటిదన్నమాట, ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు.

పెట్రోల్ అడుగంటితే ఇంకో రెండు నష్టాలున్నాయి, ఇవి అన్ని పెట్రోల్ కార్లకీ వర్తిస్తాయి. ట్యాంకులో ఉండే పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. ఇక పెట్రోల్ సరిగ్గా అందక ఇంజను మిస్ కొడితే, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి అక్కడి కెటాలిటిక్ కన్వర్టర్‌ని వేడెక్కించి పాడుచేయొచ్చు.

ఇంతకీ తప్పెవరిది? బావదే, సందేహం లేదు. కానీ ఆ అంకె పాత్ర కూడా ఉందని నా అభిప్రాయం. "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అన్నది కొలత కాదు, అంచనా. ఇప్పటిదాకా వచ్చిన మైలేజీని బట్టి వేసే లెక్క. విండోస్‌లో ఫైలు కాపీ చేస్తే "ఇంకా 3 నిమిషాలు" అంటుందే, ఆ బాపతు. పైగా సున్నా తరవాత కొంత మిగిలేలా పెడతారు. మేనేజరు ప్రతి డెడ్‌లైన్‌కీ వారం ముందు తేదీ చెప్తే ఏమవుతుంది? రెండో ప్రాజెక్టుకల్లా అందరికీ తెలిసిపోతుంది, ఆ తేదీని ఎవడూ నమ్మడు. కారు కూడా మనకి అదే నేర్పుతోంది. నా మాటైతే, లైటు వెలిగాక ఆ అంకెనే తీసేయాలి. ఉన్నంతసేపూ మనం దాంతో బేరమాడుతూనే ఉంటాం.

మా నాన్న చేతక్ గుర్తొస్తోంది. పెట్రోల్ తగ్గితే లైటూ లేదు, అంకే లేదు. బండే ఆగిపోయేది. నాన్న దిగి, కాస్త వంచి, మీట రిజర్వుకి తిప్పి, ఇంక ఎక్కడికీ పోకుండా తిన్నగా బంకుకే పోనిచ్చేవాడు. ఎందుకంటే ఆ తరవాత ఇంకేం లేదని తెలుసు. అది నిజం చెప్పే బండి. మనం మాత్రం ఆ రిజర్వు కొత్త కార్లలోనూ ఎక్కడో ఉందని నమ్ముతున్నాం.

"బంకులు అడుగడుక్కీ ఉన్నాయిగా" అంటారా? 2024 జనవరి 2 గుర్తు తెచ్చుకోండి. హిట్ అండ్ రన్‌కి పదేళ్ళ దాకా జైలన్న కొత్త చట్టం మీద ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె చేస్తే, ఒక్క రోజులో హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు, నో స్టాక్ బోర్డులు. చంచల్‌గూడ దగ్గర ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి భోజనం పట్టుకెళ్ళాడు. ఆ రాత్రికే సమ్మె ఆగింది కాబట్టి సరిపోయింది. ముందురోజు లైటు వెలిగినా "రేపు చూద్దాం" అనుకున్నవాళ్ళే ఆ క్యూల్లో ఎక్కువ కంగారుపడి ఉంటారు.

ఇవాళ పోయించినా రేపు పోయించినా కాలేది అదే పెట్రోల్. వాయిదా వేస్తే మిగిలేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం మూడేళ్ళ పాపని చీకట్లో హైవే పక్కన కూర్చోబెట్టాం. ఇప్పుడు పావు ట్యాంకుకి రాగానే బావ బంకుకి తిప్పుతున్నాడు, అక్క చెప్పకుండానే.

మరి మీ బండిలో ఇప్పుడు ఎంతుందో ఒకసారి చూస్కోండి.