శిష్యుడు వ్రాసిన గురువాక్యము

మన పాలమూరు, నల్లగొండ సీమల బిడ్డలకు వైద్యవిద్య ఇంటి చేరువకు వచ్చినది. 2016లో మహబూబునగరమునను, 2019లో నల్లగొండలోను, 2022లో నాగర్‌కర్నూలు, వనపర్తులలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. సంతోషింపవలసినదే. మన యువవైద్యులలో కొందరు ప్రత్యేకశాఖలలో శిక్షణకై అమెరికాకు పోగోరుచున్నారు. అచటివారు ఉపాధ్యాయుల సిఫారసు లేఖల నడుగుదురు. నా తగవు ఆ లేఖలతోనే.

మన దేశమున ఇట్టి శిక్షణకు సీటు నీట్ పీజీ ర్యాంకును, రిజర్వేషనును బట్టి దొరకును, లేఖతో పనిలేదు. పెద్దవారి చీటీలకు తలుపు మూసినందులకు ఆ పద్ధతిని మెచ్చుకొందును. కాని శిష్యుని పనిని రోగి మంచము కడ చూచి, చూచినదానిని వ్రాయు నలవాటు మాత్రము మన ఆచార్యులకు పట్టుబడలేదు. అమెరికాలో ఒక్కొక్క శిక్షణాస్థానమునకు నాలుగు లేఖలవరకు పంపవచ్చును. అచటి అర్హతాపరీక్షలో మొదటిమెట్టుకు 2022 జనవరి నుండి అంకెలు మాని, ఉత్తీర్ణతను మాత్రమే తెలుపుచున్నారు. ఇక అభ్యర్థులను వేరుపరచి చూచుటకు లేఖ మరింత అక్కరకు వచ్చును గదా! లేఖను చూచు హక్కును అభ్యర్థి ముందుగనే వదలుకొనవచ్చును. చాటున వ్రాసినది నిజమై యుండునని వారి నమ్మకము.

మనలో జరుగుచున్నదేమి? "నీవే వ్రాసికొని రమ్ము, సంతకము పెట్టెదను" అనువారు పెక్కురు. తాను వ్రాసినదానినే తాను చూడనని శిష్యుడు ఒప్పుదల యిచ్చుచున్నాడు! ఇంతకంటె వింత కలదా?

నేను బడిపంతులను. ఆంగ్లము దిద్దుడని పూర్వశిష్యులు అట్టి చిత్తుప్రతులను నాకడకు తెచ్చుచుందురు. అన్నిటను అవే విశేషణములు: కష్టజీవి, వినయశీలి, మెరుపువంటి బుద్ధి. దేవరకొండ ప్రాంతపు తండా పిల్ల యొకతె తెచ్చిన చిత్తును పక్కన బెట్టి, ఆసుపత్రిలో ఏమి చేసితివమ్మా యని యడిగితిని. కీళ్లవాతమని మందులు మ్రింగుచున్న ముసలమ్మను లంబాడీ మాటలలో పలుకరించి, ఏ బోరునీరు త్రాగుచున్నదో కనుగొని, ఫ్లోరైడు వ్యాధి కావచ్చునని పైవారికి చెప్పినదట. చిత్తులో ఆ ముచ్చటయే లేదు. ఆత్మస్తుతి యగునని మానినదట! చూచిన గురువు వ్రాసియుండిన అది స్తుతి యగునా? సాక్ష్యమగును. ఆప్తవాక్యము ప్రమాణమని మన తార్కికులన్నది, ఉన్నది ఉన్నట్లెరిగి చెప్పువాని మాటను గూర్చియే. సంతకముమాత్రము పెట్టువాడు ఆప్తుడెట్లగును?

తీరిక లేదందురు. వార్డులు క్రిక్కిరిసియున్న మాట నిజమే. కాని బిడ్డ బ్రతుకుతెరువునకు అరగంట చిక్కదా? చిక్కనిచో, నిన్ను నేనెరుగనని చెప్పుట మేలు. ఆ పిల్ల ఎరిగినవారి నడుగుకొనును.

తల్లిదండ్రులు మాత్రము తక్కువవారా? రాత్రి డ్యూటీలలో వెంట నిలిచి పని నేర్పిన చిన్న డాక్టరును విడిచి, ముఖమెరుగని శాఖాధిపతి సంతకమునకై బంధువులచేత ఫోనులు చేయింతురు. దరఖాస్తులు సెప్టెంబరులో చేరవలెను. తాను చూచిన రోగుల వివరములు, పేర్లు లేకుండ, ఒక కాగితముపై వ్రాసి, దగ్గర పనిచేయించినవారికి వేసవిలోనే యిచ్చి లేఖ నడుగవలసినది పిల్లలే. ఫోనులు మానవలసినది మనము.