కనుమకు వేలం, గువ్వకు గండం

స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులోని పిరనీస్ కొండల్లో ఎచలార్ అనే చిన్న ఊరుంది. అక్టోబర్ వచ్చిందంటే ఆ ఊరి పైనున్న కనుమలో కొందరు ఎత్తయిన మంచెలెక్కి కూర్చుంటారు. వాళ్ల చేతుల్లో తుపాకులు ఉండవు. తెల్లరంగు వేసిన చెక్క బిళ్లలుంటాయి, అచ్చం టేబుల్ టెన్నిస్ బ్యాట్లలా. ఉత్తరం నుంచి అడవి పావురాల గుంపు కనుమలోకి దిగగానే కేకలు మొదలవుతాయి. ఒకరు బూర ఊదుతారు, ఇంకొకరు తెల్లగుడ్డ ఊపి గుంపును దారిలో పెడతారు. మంచె మీది మనిషి బిళ్లను పావురాల పైకి విసురుతాడు. గిరగిరా తిరుగుతూ వచ్చే ఆ తెల్లటి వస్తువు వాటి కంటికి డేగ. డేగ పైనుంచి పడుతుంది కాబట్టి పావురం చేసే పని ఒక్కటే, ప్రాణభయంతో నేలకు ఆనుకుని దూసుకుపోవడం. సరిగ్గా ఆ దారిలోనే చెట్ల మధ్య నిలువునా కట్టిన వలలు కాచుకుని ఉంటాయి.

ఈ కిటుకును ఓ సన్యాసి కనిపెట్టాడని స్థానికులు కథ చెబుతారు. రోన్సెస్‌వయ్యెస్ మఠానికి చెందిన ఆయన పావురాల మీదికి సరదాగా పలకరాయి విసిరితే అవి కిందికి దిగిపోయాయట. కథ సంగతి ఎలా ఉన్నా, పిరనీస్ కనుమల్లో ఈ వలల వయసు శతాబ్దాల్లో ఉంటుంది. కొండకు అవతల ఫ్రాన్స్ వైపు సార్ ఊరిలోనూ, సూల్ ప్రాంతపు కనుమల్లోనూ ఇవే వలలు కనిపిస్తాయి.

మైదానంలోకి దిగితే పద్ధతి వేరు. నైరుతి ఫ్రాన్స్‌లోని లాండ్ అడవుల్లో వేటగాళ్లు ఎండు ఫెర్న్ ఆకులు కప్పిన గుడిసెలు కట్టుకుని, వాటి మధ్య సొరంగాల్లాంటి దారులు వేసుకుంటారు. కొమ్మల మీద దీమపు పావురాలను కట్టి, తాడు లాగి వాటి చేత రెక్కలు కొట్టిస్తారు. గుంపు వచ్చినప్పుడు లోపల దగ్గు వచ్చినా మింగాల్సిందే. అక్టోబర్ 18న సెయింట్ లూక్ పండగ దరిదాపుల్లో వలస ఉద్ధృతంగా ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడివాళ్లు పనులకు సెలవు పెట్టి అడవిలోనే ఉండిపోతారు. ఈ పిచ్చికి వాళ్లే పెట్టుకున్న పేరు ‘నీలి జ్వరం’. పట్టిన పావురం ఎర్ర వైన్‌లో ఉడికి పళ్లెంలోకి వస్తుంది.

ఇలాంటి వేటను సమర్థించాలంటే మొదట వినిపించే మాట సంప్రదాయం. ఆ మాటకు కోర్టుల్లో ఇప్పుడు మునుపటి విలువ లేదు. ఐరోపాలో 1979లో వచ్చి 2009లో కొత్త రూపు దిద్దుకున్న పక్షుల రక్షణ చట్టం ప్రకారం వలలు, ఉచ్చులు, జిగురు పుల్లలు అన్నీ నిషిద్ధమే. ఎక్కడైనా వల మిగిలిందంటే అది మినహాయింపు కింద బతుకుతోందని అర్థం. ఫ్రాన్స్ జిగురు వేట కేసులో 2021 మార్చిలో ఐరోపా న్యాయస్థానం ఓ సంగతి తేల్చి చెప్పింది. పద్ధతి పాతదన్న ఒక్క కారణం మినహాయింపుకు చాలదంది. అదే ఏడాది ఆగస్టులో ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం భరతపక్షులను, తీతువులను వలేసి పట్టే అనుమతులను కొట్టేసింది. తీర్పు సరైనదే. పాతదైనంత మాత్రాన మంచిదైతే బాల్యవివాహాలనూ వెనకేసుకు రావాల్సి వస్తుంది.

కానీ ఇక్కడో విడ్డూరం ఉంది. వలలో చిక్కిన పక్షి బతికే ఉంటుంది. పొరపాటున మరో జాతి పక్షి పడితే వదిలేయవచ్చు. ఎచలార్ వల మనిషి చేతిలో ఉంటుంది, గుంపును కళ్లారా చూశాకే వదులుతాడు. తుపాకి గుళ్లకు ఆ విచక్షణ లేదు. గాయపడ్డ పావురం లోయలోకి జారిపోతే దాన్ని వెతికేవారుండరు, లెక్కలోకీ రాదు. అయినా చట్టం దృష్టిలో వలకు మినహాయింపు కావాలి, తుపాకికి లైసెన్సు చాలు.

అలాగని వలను అమాయకురాలిగా చూపడం కూడా చరిత్రకు అన్యాయమే. 1878లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని పెటోస్కీ దగ్గర ‘ప్రయాణికుల పావురాలు’ అనే జాతి పక్షులు కోట్లలో గూళ్లు కట్టాయి. వేటగాళ్లు ప్రధానంగా వలలతోనే వాటిని పట్టారు. రోజుకు 50 వేల చొప్పున నెలల తరబడి చంపారని అంచనాలున్నాయి. ఎక్కడ గూళ్లు కట్టాయో టెలిగ్రాఫ్ చెప్పింది, పీపాల్లో కుక్కిన పక్షులను రైళ్లు నగరాలకు మోశాయి. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1857లో, ఒహాయో సెనేట్ కమిటీ ఒకటి ఈ పావురానికి రక్షణ అక్కర్లేదని నివేదిక ఇచ్చింది. అన్ని కోట్ల పక్షులను ఎవరు తరగదీయగలరన్నది వాళ్ల ధీమా. ఆ జాతిలో చిట్టచివరిదైన మార్తా 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది.

అదే వల పిరనీస్‌లో శతాబ్దాలు నడిచింది, అమెరికాలో ఒక జాతిని కొన్ని దశాబ్దాల్లో తుడిచిపెట్టింది. తేడా ఎక్కడుంది? సగం జవాబు గూట్లోనే ఉంది. ప్రయాణికుల పావురం ఒక విడతకు పెట్టేది ఒకే గుడ్డు, అదీ గుంపుతో కలిసి ఉంటేనే. ఐరోపా అడవి పావురం రెండేసి గుడ్లు పెడుతుంది, ఏడాదికి రెండు మూడు విడతలు పిల్లల్ని లేపుతుంది. రెండో సగం జవాబు సంతలో ఉంది. ఎచలార్ వల పట్టింది ఊరి వంటిళ్లకూ, చుట్టుపక్కల సంతలకూ వెళ్లింది. పెటోస్కీ వల పట్టింది షికాగో, న్యూయార్క్ ఆకలికి వెళ్లింది. ఆ ఆకలికి అడుగు ఉండదు.

ఒకే గుడ్డు లెక్క ఇంకా చాలాచోట్ల వర్తిస్తుంది. న్యూజిలాండ్ అడవుల్లోని కెరెరు పావురానిదీ ఒక్క గుడ్డే. మిరో పళ్లు తిని దప్పికగొన్న కెరెరుల కోసం మావోరీలు చెట్లలో నీళ్ల దోనెలు పెట్టి, వాటి అంచున ఉచ్చులు బిగించేవారు. 1920ల ఆరంభం నుంచి ఆ వేట నిషిద్ధం. వాళ్ల సంప్రదాయం పిరనీస్ సంప్రదాయం కంటే తక్కువదేమీ కాదు, కానీ ఆ పక్షికి తట్టుకునే శక్తి లేదు. పైగా ఇప్పుడు ఎలుకలు, పోసమ్‌లు దాని గూళ్లను దోచేస్తున్నాయి. మన పడమటి కనుమల్లోని నీలగిరి అడవి పావురమూ ఒక్క గుడ్డే పెడుతుంది. అది ప్రపంచంలో మరెక్కడా లేదు, ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. దాని వేట గురించి మాట్లాడటమే అనవసరం.

ఐరోపా అడవి పావురం సంగతి అలా కాదు. రెండు కోట్లకు పైగా జంటలున్నాయి, 1980ల నుంచి సంఖ్య పెరుగుతూనే ఉంది. బ్రిటన్ రైతుకు అది పంట తినే పురుగుతో సమానం. ఆవజాతి నూనెగింజ పంట విస్తరించాక చలికాలమంతా దానికి పచ్చటి మేత దొరికింది. లాండ్ ప్రాంతంలోనూ మొక్కజొన్న కోశాక పొలాల్లో రాలిన గింజలకు మరిగి చాలా పావురాలు అక్కడే ఆగిపోతున్నాయి. స్పెయిన్, పోర్చుగల్ ఓక్ తోపుల దాకా వెళ్లడం లేదు. కనుమల్లో పావురాలు తగ్గాయని వేటగాళ్లు వాపోతే అందులో నిజం ఉండొచ్చు, కానీ జాతి తగ్గిందని అర్థం కాదు. కాబట్టి ఈ పక్షిని అసలు వేటాడకూడదనే వాదన అంకెల ముందు నిలవదు. జీవహింస కూడదన్న నమ్మకంతో వేటను వద్దనేవారి మాట వేరు, దానికి అంకెలతో పని లేదు.

అసలు చిక్కు వేటగాడి కంటే వేట స్థలంతో వస్తోంది. పిరనీస్ కనుమల్లో తుపాకి మాట్లను ఊళ్లు వేలం వేస్తాయి. ఊరి ఖజానాకు అదో ఆదాయం. డబ్బు పోసి మాటు పాడుకున్న మనిషి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లడానికి ఒప్పుకోడు, కంటికి కనిపించే గుంపు మీదల్లా పేలుస్తాడు. వేట రోజులు తగ్గిద్దామని ఎవరైనా అంటే పాట ధర పడిపోతుంది, అందుకే పంచాయతీ పెద్దలకు ఆ మాట రుచించదు. చూడబోతే వలల బృందానికి ఒక కనుమ, ఒక క్రమం ఉన్నాయి. శిఖరాల వరస పొడవునా బారులు తీరిన తుపాకులకు అలాంటి హద్దు లేదు.

దీనికి విరుగుడు కూడా ఆ కొండల్లోనే పుట్టింది. ఇరాటీ బీచ్ అడవి పక్కన, సుమారు 1,280 మీటర్ల ఎత్తులో ఒర్గాంబిదెష్క కనుమ ఉంది. 1979లో కొందరు పక్షి ప్రేమికులు వేటగాళ్లకు బదులు తామే దాన్ని కౌలుకు తీసుకున్నారు. తుపాకి పేల్చకుండా బైనాక్యులర్లు పట్టుకుని కూర్చున్నారు. అప్పటి నుంచి ఏటేటా వలస కాలంలో ఆ కనుమ మీదుగా వెళ్లే గద్దలు, కొంగలు, పావురాలు లెక్కకెక్కుతున్నాయి. ధర్నాలు చేసి సాధించలేనిది కౌలు డబ్బు కట్టి సాధించారన్నమాట. వేటకు ఎన్ని పక్షులను కేటాయించవచ్చో చెప్పగలిగేది ఈ తరహా లెక్కలే. కానీ లెక్క ఒక కనుమలో, వేలం మరో కనుమలో జరిగినంత కాలం ఒకటి రెండోదాన్ని తాకదు.

తూర్పు కనుమల తెలుగు పాఠకుడికి ఇదంతా దూరపు ముచ్చటగా తోచవచ్చు. కానీ మన మన్యంలోనూ మర్రి, మేడి పండిన రోజుల్లో పచ్చగువ్వలు గుంపులుగా వాలతాయి. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు అడవికి వేటకెళ్లే ఆచారం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, ఉచ్చు వేయడం, గూడు చెరపడం కూడా వేటే. పండగ పూట ఉండేలు పట్టిన కుర్రాడూ, మునియాలను, రామచిలుకలను బోనుల్లో కుక్కి హైదరాబాద్ పాతబస్తీకి చేరవేసే వ్యాపారీ ఒకే చట్టం కింద నేరస్తులు. పెటోస్కీ కథ తెలిసినవారెవరూ ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టరు. సంతకు సరుకు పంపేవాడి మీదే అటవీశాఖ శ్రద్ధ ముందు పడాలి. మన దగ్గరా లెక్క మొదలైంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది, దానికి ఆధారం వేలాది సామాన్య పక్షి వీక్షకులు నమోదు చేసిన వివరాలే.

ఇక పిరనీస్ విషయానికొస్తే, ఎచలార్ వల కొనసాగడానికి తగినంత కారణం ఉంది. తుపాకి మాట్ల వేలాన్ని మాత్రం ఏటేటా లెక్కకు ముడిపెట్టాలి, ఎన్ని మాట్లు, ఎన్ని రోజులు అన్నది లెక్కను బట్టే తేలాలి. ఆ తుపాకుల్లో వాడే సీసం గుళ్ల సంగతి అంతకన్నా అత్యవసరమైనది. 2023 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్య చిత్తడి నేలల్లో వాటిని నిషేధించింది. కొండ కనుమలు ఆ నిషేధం కిందికి రావు. ఆ గీతను కనుమల దాకా జరపాలి.