మైనస్ అయిదు పవర్ సున్నా: బ్రాకెట్ ఉందా లేదా ముందు చెప్పండి

పోస్టు పొడవే, పైగా లెక్కల గురించి. అయినా చదవండి. డిగ్రీ వాళ్లకే కాదు, రైల్వే, సచివాలయం పరీక్షలకి కూర్చునే వాళ్లకీ పనికొస్తుంది.

ఎలమంచిలిలో మేముంటున్న హాస్టల్లో ఈ మధ్య ఒకటే వాదన. మైనస్ అయిదు పవర్ సున్నా ఎంత? చిన్నప్పుడు చదివిన దాని ప్రకారం, సున్నా కాని ఏ సంఖ్యకైనా సున్నా ఘాతం వేస్తే 1. మా రూములో ఎనిమిది మందికీ కలిపి ఉన్న ఒకే ఒక్క క్యాసియో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ మాత్రం −1 చూపిస్తోంది. ఫస్టియర్ తమ్ముడొకడు క్లాసులో ఆ −1 చెప్తే, "హాస్టల్ బ్యాచ్‌కి బటన్లు నొక్కడం కూడా రాదు" అని అందరి ముందూ అన్నారు. క్లాసంతా నవ్వింది. వాడు రెండు రోజులు ఆ పీరియడ్‌కే వెళ్లలేదు. అందుకే ఈ పోస్టు.

వాడి నోట్సు చూశాం. బోర్డు మీద ఉన్నది −5⁰. బ్రాకెట్ లేదు. దానికి జవాబు −1. తమ్ముడు చెప్పింది కరెక్టు.

10 − 5⁰ ఎంత అంటే ఎవరైనా 9 అనే అంటారు. ముందు 5⁰ చేసి 1 తెచ్చుకుంటాం, దాన్ని పదిలోంచి తీసేస్తాం. 11 అని ఎవరూ అనరు కదా. ఇప్పుడు ఆ 10 ఉన్న చోట 0 పెట్టండి. 0 − 5⁰, అంటే −1. ముందున్న సున్నా చెరిపేస్తే మిగిలేది −5⁰. ఘాతం తన పక్కనున్న 5ని మాత్రమే పట్టుకుంటుంది, మైనస్ గుమ్మం బయటే ఉండిపోతుంది. క్యాలిక్యులేటర్‌కి నేర్పిన వరస కూడా ఇదే: ముందు ఘాతం, తర్వాత మైనస్ గుర్తు. ఋణ సంఖ్య మొత్తానికి ఘాతం వేయాలంటే బ్రాకెట్ పెట్టమని దాని మాన్యువల్లోనే ఉంటుంది. మాన్యువల్ ఎవరు చదువుతారులెండి, మాకొచ్చింది సీనియర్ల నుంచి అట్ట కూడా లేకుండా వచ్చింది.

(−5)⁰ వేరే సంగతి. అక్కడ మైనస్‌నీ అయిదునీ కలిపి మూట కట్టేశాం. (−5)³ అంటే −125. (−5)² అంటే 25. (−5)¹ అంటే −5. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా −5తో భాగిస్తున్నాం. ఇంకో మెట్టు దిగితే −5ని −5తో భాగించాలి, 1 వస్తుంది. ఆ 1 ఎక్కడిదో ఇంత సులువుగా ఉంటే, మాకు పదో తరగతి దాకా "బట్టీ పట్టు, బిట్ వస్తుంది" అన్న మాట తప్ప ఇంకోటి వినపడలేదు.

క్యాలిక్యులేటర్ చేతిలో ఉంటే ఇది చేసి చూడండి. బ్రాకెట్ లేకుండా −5 పవర్ 0 కొడితే −1. అదే −5 కొట్టి ఈక్వల్ నొక్కి, ఆ వచ్చిన జవాబు మీద పవర్ 0 వేస్తే 1. రెండోసారి మెషిన్ −5ని ఒకే సంఖ్యగా దాచుకుంది కాబట్టి మూట దానంతటదే కట్టుకుంది.

ఈ తేడా ఇన్నేళ్లూ మన కంట పడకపోవడానికీ కారణం ఉంది. బేసి ఘాతాల్లో అది దాక్కుంటుంది. −2³ అన్నా (−2)³ అన్నా −8 వస్తుంది. సరి ఘాతం వచ్చినప్పుడే బయటపడుతుంది: −2⁴ అయితే −16, (−2)⁴ అయితే 16. సున్నా కూడా సరి సంఖ్యే.

ఇంకో చిక్కు నోటితో వస్తుంది. "మైనస్ ఫైవ్ పవర్ జీరో" అని పైకి చదివితే బ్రాకెట్ వినిపించదు. డిక్టేషన్ రాసుకున్న వాళ్లలో సగం మంది ఒకటి రాస్తారు, సగం మంది ఇంకోటి. ఫోన్లో ఫార్వర్డ్ అయ్యే ప్రాక్టీసు బిట్లలో అయితే ఘాతం కిందకి జారిపోయి −50 అని కనిపిస్తుంది, దాని కింద 'కీ' మాత్రం 1 అని ఉంటుంది!

మెషిన్లు కూడా అన్నీ ఒక్క మాట మీద లేవు. ఎక్సెల్లో =-5^0 అని కొడితే 1 వస్తుంది, ఎందుకంటే అక్కడ సంఖ్యకి ముందున్న మైనస్‌ని ఘాతం కంటే ముందే చూస్తారు. =0-5^0 అని కొట్టండి, అదే ఎక్సెల్ −1 ఇస్తుంది. పైథాన్‌లో -5**0 అంటే −1. కాబట్టి "క్యాలిక్యులేటర్ చెప్పింది" అనేది రుజువు కాదు, "సార్ చెప్పారు" అనేదీ కాదు. ఏం రాశారో చూడాలి.

మనలో కొందరికి ఇంట్లో కువి, కొందరికి ఆదివాసీ ఒడియా. బడికొచ్చాక తెలుగు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. ఋణ సంఖ్య అని నేర్చుకున్నది నెగటివ్ నంబర్ అయింది. ఋణం అంటే అప్పు. 628లోనే బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అన్న మాటలతోనే ఈ లెక్కల నియమాలు రాశాడు. సంతలో షావుకారు పద్దు చూసిన పిల్లలకి ఆ మాటతో మొదలుపెట్టి చెప్పొచ్చు. మనోళ్లకి లెక్కలు రావు అంటారు గాని, ఏ భాషలో, ఏ మాటతో చెప్పారని ఎవరూ అడగరు.

"ఏదైనా పవర్ జీరో ఒకటే, టిక్ పెట్టి పోవడమే" అనే అన్నలు గ్రూపులోనూ ఉన్నారు. రైల్వే పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు, తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది. ఆప్షన్లలో 1, −1 పక్కపక్కనే ఉంటాయి.

మేం అడిగేది రెండే. బిట్లు పెట్టే అన్నలూ అక్కలూ బ్రాకెట్లు వేసి పెట్టండి, టైపు చేయడం కష్టమైతే చేత్తో రాసి ఫోటో పెట్టండి. హాస్టళ్లలో స్టడీ అవర్‌కి కూర్చునే సీనియర్లు, తమ్ముడు తప్పు చెప్పాడనిపిస్తే ముందు వాడు ఏ బటన్లు నొక్కాడో చూడండి.

మీ దగ్గరున్న క్యాలిక్యులేటర్లో, ఫోన్లో −3² కొట్టి ఏమొచ్చిందో, మోడల్ ఏదో కింద రాయండి. −9 వచ్చినవీ 9 వచ్చినవీ వేరు చేసి, చార్టు రాసి మా హాస్టల్ గోడకి అంటిస్తాం.

— ఎలమంచిలి హాస్టల్ డిగ్రీ విద్యార్థులం